చదివి వినిపించగా

ఆగస్టు 3, ఆదివారం

కారు వచ్చింది.

తెల్లది, పసుపు నంబరు ప్లేటుది, ఆరేళ్ళ నాటిది. మా సందులో తిప్పడానికి బాపు నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ పోయాడు. అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందు అద్దాన్ని కొంగుతో తుడిచింది. లోపల సెంటు వాసన గుప్పుమంది. "పెండ్లికొడుకు బండి లెక్కుంది," అంది అమ్మ.

బాపు పంతొమ్మిదేళ్ళు పనిచేసిన నాచారం రంగుల మిల్లు మార్చిలో మూతపడింది. లెక్క తేల్చి ఇచ్చిన డబ్బులోంచి లక్షా ఇరవై వేలు కారుకు కట్టాడు. తక్కిన రెండు లక్షల నలభై వేలు ఫైనాన్సు. మిల్లు వ్యాను నడిపిన అలవాటు ఉంది కాబట్టి, ఉప్పల్‌లో ఒక కంపెనీ వాళ్ళు ఉద్యోగులను ఇళ్ళ నుంచి తెచ్చి దింపే పని ఇస్తామన్నారు. బండి సొంతది కావాలి, అదొక్కటే షరతు.

కొన్నది ఉప్పల్ దాటాక వరంగల్ రోడ్డు మీద, మహిపాల్ అన్న దుకాణంలో. పాత కార్లన్నీ తుడిచి, రోడ్డు వైపు మొహం పెట్టి నిలబెట్టాడు. బండి తీసుకున్నట్టు ఒక కాగితం కావాలన్నాడు. అచ్చు ఫారాలు అయిపోయాయట. "సూస్కొని తీస్కున్న అని రెండు ముక్కలు రాసియ్యి కాకా, సాలు." బాపు పెన్ను నా చేతిలో పెట్టాడు. "మా బిడ్డ రాస్తది. డిగ్రీల తెలుగు సదువుతుంది."

రెండు ముక్కలు రాయాలనిపించలేదు. తారామణి మేడం క్లాసులో పాత దస్తావేజులు చదివించినప్పటి నుంచి, అలాంటి వాక్యం ఒకటి, గడప మీద కూర్చున్న పెద్దమనిషిలాంటిది, నేనూ రాయాలని ఉంది. రాశాను. నిలబడి చదివాను. దుకాణంలో ఉన్న మరో ఇద్దరు తలతిప్పి చూశారు. మహిపాల్ అన్న ఇంకోసారి చదవమన్నాడు. మడిచి జేబులో పెట్టుకుంటూ, "చెల్లె, వకీలు గూడ గింత గట్టిగ రాయడు," అన్నాడు. బాపు తలూపాడు. సంతకం చేశాడు.

ఇంటికొచ్చేదాకా ఆ వాక్యం నా నోట్లో చప్పరిస్తూనే ఉన్నాను.

ఆగస్టు 5

ఈ రోజు మాట: సారథి. బాపుకు చెప్పాను. "డ్రైవర్ అంటే అన్నం తక్కువ పెడ్తరా?" అన్నాడు.

ఆగస్టు 19, మంగళవారం

కారు ఆగిపోయింది. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర, మెట్రో స్తంభాల కింద, వానలో, నలుగురు ఉద్యోగులను ఎక్కించుకుని ఉండగా. వాళ్ళు దిగి ఆటోలు పట్టుకుని పోయారు. బాపు, ఒక ట్రాఫిక్ పోలీసు, ఒక కొబ్బరిబోండాల ఆయన కలిసి పక్కకు నెట్టారు.

ఇది మూడోసారి. మొదటిసారి బ్యాటరీ అన్నారు, మార్చాం. రెండోసారి వైరు అన్నారు. ఆ రెండూ ఇక్కడ రాయలేదు. ఎందుకు రాయలేదో తెలియదు. మంచి మాటలు రాసుకునే పుస్తకంలో బ్యాటరీ గురించి ఎందుకనుకున్నానేమో.

వెనక లైటులో నీళ్ళు నిలిచాయి. వేలితో తడితే లోపల ఊగుతున్నాయి. బాపు వంగి చూసి, అమ్మను పిలిచి, "సాలమ్మా, జర సూడు, చేపలు గిట్ల ఉన్నయేమో," అన్నాడు. అమ్మ నవ్వలేదు. అమ్మ మసాలా ప్యాకెట్ల కంపెనీలో పనికి పోతుంది. ఇవాళ పొద్దుటి షిఫ్టుతో పాటు మధ్యాహ్నపుదీ చేసి వచ్చింది.

కంపెనీ వాళ్ళు ఈ నెలాఖరు దాకా ఆగి చూస్తామన్నారు.

ఆగస్టు 24

మల్లాపూర్‌లో దయాకర్ షెడ్డుకు తీసుకుపోయాం. బాపుతో మిల్లులో పనిచేసినాయన కొడుకు, మంచి మెకానిక్. ఇంజను తెరవలేదు. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని గుంజాడు. మామూలుగా మనం పెట్టుకునేంత కాదు, పూర్తిగా, ఇంక రాదు అనేదాకా గుంజాడు. చివరి జానెడు బెల్టు మీద ఎండిన బురద ఉంది. గీత గీసినట్టు ఉంది.

కింద పరిచిన మ్యాటు లేపాడు. దాని కింద ఇంకో పొర ఉంది, అదీ లేపాడు. తుప్పు. సీటు కింది బోల్టులన్నీ ఎర్రగా ఉన్నాయి. వైర్ల కట్ట విప్పితే మట్టి రాలింది. "ఈ బండి నీళ్ళు తాగింది కాకా. మొన్నటి వానకు గాదు. ఎప్పుడో మునిగింది, మెడ దాంక. కడిగి, తుడిచి, సెంటు గొట్టి అమ్మిండు."

బాపు ఆ బురద మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. పోలేదు.

"ఎంతైతది?"

"ఇంజను విప్పుతే లచ్చ నలభై. విప్పినా గ్యారంటీ లే. వైర్లు ఒక్కొక్కటే పోతనే ఉంటయి."

ఈ రోజు మాట అని రాసి ఖాళీగా వదిలాను. అయినా ఒకటి బుర్రలో తిరుగుతోంది. లోపం, దోషం. రెండూ ఒకటేనా? లోపం అంటే ఉండాల్సింది లేకపోవడం. దోషం అంటే ఉండకూడనిది ఉండడం. అలాగైతే బురద దోషం. ఇది రాస్తుంటే కాసేపు బాగా అనిపించింది. సిగ్గుగా కూడా ఉంది.

సెప్టెంబరు 1

మహిపాల్ దుకాణానికి పోయాం. ఇక నుంచి అన్న అని రాయను.

టీ తెప్పించాడు. బాపు తాగాడు, నేను తాగలేదు. దయాకర్ తీసిన ఫొటోలు చూపిస్తే ఫోను దూరంగా పట్టుకుని చూశాడు. నీళ్ళు తాగిన బండి తన దుకాణం గేటు దాటదన్నాడు. పంతొమ్మిదో తారీకు వానలో రింగు రోడ్డంతా చెరువైన సంగతి తనకూ తెలుసన్నాడు. ఆ చెరువులో బండిని దింపింది ఎవరని అడిగాడు. ఇంజనుకూ గేరు బాక్సుకూ ఆరు నెలల హామీ అని నోటితో చెప్పాడు కదా అని బాపు అంటే, నోటితో చెప్పింది ఎక్కడుందో చూపించమన్నాడు.

బాపు గొంతు పెంచే మనిషి కాదు. "నా బండి నాకొద్దు. నా పైసలు నాకియ్యి. నీది నీకు, నాది నాకు," అన్నాడు.

"కాకా, నువ్వు పెద్దమనిషివి. నీ కాగితం నా తాన భద్రంగ ఉంది," అని మహిపాల్ చొక్కా జేబు మీద తట్టుకున్నాడు. జేబులో ఏమీ లేదు, ఊరికే తట్టుకున్నాడు.

దారిలో బాపు, కాగితం అతని దగ్గర ఉండడం మనకు మంచిదే కదా అన్నాడు. అతను బండి అమ్మిన సాక్ష్యం మన చేతిలో లేకపోయినా అతని దగ్గరైనా ఉంది కదా అని. నేను ఔనన్నాను.

సెప్టెంబరు 4

ఫైనాన్సు ఆఫీసు. ఏసీ చల్లగా ఉంది. అక్కడి గిరిప్రసాద్ గారు మర్యాదగానే మాట్లాడారు. తాము అప్పిచ్చింది మనిషికి, బండికి కాదన్నారు. బండి నడిచినా నడవకపోయినా ప్రతి నెలా ఎనిమిది వేల తొమ్మిది వందలు ఐదో తారీకుకు పడాలి. కట్టలేకపోతే మనమే బండి తెచ్చి అప్పగించవచ్చు. వాళ్ళు వేలం వేస్తారు. వచ్చింది అప్పులో పోగా మిగిలింది మళ్ళీ మనమే కట్టాలి. మునిగిన బండికి వేలంలో ఎంత వస్తుందని అడిగాను. ఆయన నా వైపు మొదటిసారి చూశారు. "తూకానికి వస్తుందమ్మా," అన్నారు.

పోలీస్ స్టేషన్‌లో ఇది సివిల్ వ్యవహారమన్నారు. బీమా వాళ్ళు పాత నష్టానికి డబ్బు ఇచ్చేది లేదన్నారు. మూడు చోట్లా బాపు చెప్పులు బయట విడిచి లోపలికి పోయాడు. ఫైనాన్సు ఆఫీసులో విడవాల్సిన పని లేదని చెప్పినా విడిచాడు.

సెప్టెంబరు 23

ఎంగిలిపూల బతుకమ్మ దాటి రెండు రోజులైంది. మా సందులో పాటలు వినిపిస్తున్నాయి. నేను పోలేదు.

తారామణి మేడం చెబితే, కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవా సంస్థకు పోయాం. డబ్బు తీసుకోకుండా వకీలును ఇస్తారు. మాకు హైమావతి గారు వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. వాళ్ళ నాన్న రైల్వేలో చేసేవారట. మాట్లాడేటప్పుడు పెన్సిలు చెక్కుతూ ఉంటారు.

దారులేమున్నాయో ఒక్కొక్కటే చెప్పారు. ముందు మహిపాల్‌కు నోటీసు. జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. కొన్న రోజు నుంచి రెండేళ్ళ లోపల వెయ్యాలి. ఐదు లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు. ఫిర్యాదు తెలుగులోనే ఇవ్వొచ్చు. అవతలి వకీలు ముందుగా అనేది ఒకటే ఉంటుంది: టాక్సీ అంటే వ్యాపారం, వ్యాపారికి వినియోగదారుడి హక్కు లేదు అని. దానికి జవాబు రెండు మాటల్లో ఉంది. స్వయం ఉపాధి. మనిషి తానే నడుపుకుని, దానితోనే బతికితే, అది వ్యాపారం కాదు, బతుకుతెరువు.

రెండు మాటలకు అంత బలం ఉంటుందని నాకు తెలియదు. పుస్తకంలో ఒక పేజీ నిండా రాసుకున్నాను.

"బండి తీసుకునేటప్పుడు ఏమైనా రాసిచ్చారా?" అని హైమావతి మేడం అడిగారు. రసీదు లాంటిది ఒకటి అని బాపు చెప్పాడు. నకలు ఉందా అంటే లేదన్నాడు. మేడం రాసుకున్నారు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

అడిగితే చెప్పేదాన్నే. నన్ను అడగలేదు.

అక్టోబరు 13

ఫిర్యాదు పడింది. నాలుగు రోజులు కూర్చుని నేనే రాశాను. మేడం చూసి, రెండు పేజీలు కొట్టేశారు. "కారు కథ చెప్పమ్మా, కావ్యం వద్దు," అన్నారు. కొట్టేసినవి నాకు నచ్చినవే. అయినా మిగిలింది బాగుందన్నారు. ఫిర్యాదు, ఫిర్యాది, ప్రతివాది, ఉపశమనం. ఉపశమనం అంటే మందుతో నొప్పి తగ్గడం అనుకునేదాన్ని. ఇక్కడ మనకు కావాల్సింది అడగడమట: కొన్న ధర, వడ్డీ, మనోవేదనకు పరిహారం. మనోవేదనకు ఎంత అని రాయాలో బాపును అడిగితే, "దానికి గూడ రేటుందా?" అన్నాడు. యాభై వేలు అని మేడం వేశారు.

జతచేసిన కాగితాల జాబితా రాశాను. ఆర్సీ, ఫైనాన్సు ఒప్పందం, దయాకర్ రాసిచ్చిన పత్రం, ఫొటోలు పద్నాలుగు, నోటీసు నకలు. ఐదు.

అంతే. ఇంకేమీ లేవు.

నవంబరు 8

కంపెనీ వాళ్ళు వేరే బండి పెట్టుకున్నారు. బాపు హబ్సిగూడలో ఒక డాక్టరు గారి కారు నడుపుతున్నాడు, నెలకు పద్నాలుగు వేలు. పొద్దున తెల్ల చొక్కా వేసుకుని, మా కారు పక్కనుంచే నడిచి పోతాడు. దాని మీద కప్పిన పరదా కొస గాలికి లేస్తే, ఆగి, ఇటుక సరిచేసి పోతాడు.

రెండు వాయిదాలు బాకీ. ఫైనాన్సు ఫోను వస్తే అమ్మ ఎత్తుతుంది. "ఏడ్సినా బండి నడువదు, నవ్వినా నడువదు. కోర్టుల ఉంది, గాడ అడుగున్రి," అని పెట్టేస్తుంది.

నేను ఇద్దరు పిల్లలకు తెలుగు ట్యూషన్ చెబుతున్నాను. గుణింతాలు.

డిసెంబరు 11

మహిపాల్ జవాబు వచ్చింది. పద్నాలుగు పేజీలు. బండి అప్పగించిన రోజు అన్ని విధాలా బాగున్నదని, ఆగస్టు 19న ఫిర్యాది దాన్ని వరద నీటిలో నడిపి పాడు చేసుకున్నాడని రాశారు. రుజువుగా అనుబంధం 3.

అనుబంధం 3 నా దస్తూరీ.

"పై వాహనమును సాంతము పరిశీలించి, ఎట్టి లోపములును లేవని నిర్ధారించుకొని, సంపూర్ణ సంతృప్తితో స్వీకరించడమైనది."

కింద బాపు సంతకం.

మహిపాల్ అడిగింది రెండు ముక్కలు. చూసుకుని తీసుకున్నాను అని. లోపాలు లేవని రాయమని అతను అడగలేదు. సంతృప్తి అనే మాట అతను అననే లేదు. అవి నావి. వాక్యం మూడు కాళ్ళ మీద నిలబడితే అందంగా ఉంటుందని మూడో కాలు నేనే పెట్టాను.

బాపు డ్యూటీ నుంచి వచ్చాక, జవాబులో ఏముందని అడిగాడు. "వాళ్ళు అబద్ధాలు రాసిన్రు బాపు," అన్నాను.

డిసెంబరు 12

నేను చదివినప్పుడు బాపు తలూపాడు. చదివి వినిపించాకే సంతకం చేశాడు. తలూపాడు.

డిసెంబరు 15

కాలేజీ నుంచి ఒక్కదాన్నే హైమావతి మేడం దగ్గరకు పోయాను. అంతా చెప్పాను. మేడం తిట్టలేదు. చెక్కుతున్న పెన్సిలు పక్కన పెట్టారు.

కంటికి కనబడని దోషాన్ని చూసుకున్నానని ఎవరు రాసిచ్చినా, దాచి అమ్మినవాడి బాధ్యత పోదట. ఆ వాదన ఉందట. కానీ కారు ఎప్పుడు మునిగిందన్నదే ఇక్కడ గొడవ. అప్పగించిన రోజు బాగుందని మన చేతి రాతే చెబుతోంది. పైగా ఈ వాక్యం రాసినవాళ్ళు ఏమీ తెలియని మనుషులని ఎవరూ అనుకోరు.

"మీ నాన్నగారికి ఈ భాష అర్థమైందా?"

"లేదు," అన్నాను.

ఎంత తొందరగా అన్నానో నాకే భయమేసింది. మూడు రోజుల కిందటి పేజీ ఇక్కడే ఉంది, ఈ పేజీకి వెనకే.

"అయితే అదే చెప్దాం. నిజమే కదా," అన్నారు మేడం. బాపు ప్రమాణపత్రం దాఖలు చెయ్యాలి. తాను రెండో తరగతి దాకా చదివానని, సంతకం మాత్రం చెయ్యగలనని, ఆ కాగితంలోని తెలుగు తనకు అర్థం కాలేదని. నన్నే రాసి తెమ్మన్నారు. "ప్రతి ముక్కా ఆయనకు చదివి వినిపించు. చివర్లో ఆ మాట ఉంటుంది చూడు, 'నాకు చదివి వినిపించగా విని, నిజమని ఒప్పుకుని' అని. అది అలంకారం కాదమ్మా."

జనవరి 19, సోమవారం

ప్రమాణపత్రం అయిపోయింది. నోటరీ ఆయన, చదివి వినిపించారా అని అడిగాడు. మా బిడ్డే రాసింది అని బాపు చెప్పాడు. స్టాంపు పడింది.

మేడం చెప్పినట్టే చేశాను.

జనవరి 20

ఈ రోజు మాట లేదు.

జనవరి 27

చెప్పినట్టే చేశానని రాశాను. చెయ్యలేదు.

నోటరీ దగ్గరకు పోయే ముందురోజు, ఆదివారం, బాపు అన్నం తింటున్నప్పుడు కాగితం పట్టుకుని కూర్చున్నాను. మొదటి మూడు పేరాలు చదివాను. మిల్లు, కారు, వాన. నాలుగో పేరా దగ్గర ఆగాను. "నాకు రాతలోని తెలుగు అర్థం కాదు." బాపు పప్పులో చారు కలుపుకుంటున్నాడు. మిల్లులో నోటీసు బోర్డు మీద ఏమొచ్చినా అందరికంటే ముందు పోయి నిలబడేవాడని, చదివినట్టు కళ్ళు తిప్పేవాడని, తర్వాత ఎవరో గట్టిగా చదివితే ముందే తెలిసినట్టు ఊ కొట్టేవాడని అమ్మ ఒకసారి నవ్వుతూ చెప్పింది. అప్పుడు నేనూ నవ్వాను.

"ఇంకేముంది బిడ్డ అండ్ల?"

"అంతా గదే బాపు. కారు సంగతే."

చెయ్యి కడుక్కుని వచ్చి నా తల మీద తడి చేత్తో తట్టాడు.

కమిషన్‌లో మామూలుగా నోటి సాక్ష్యాలు ఉండవు, అన్నీ కాగితాలే అని మేడం చెప్పారు. ఎవరూ అడగరు. కేసు గెలిస్తే కారు ధర వస్తుంది. వచ్చాక బాపుకు నేనే చెబుతాను. అప్పుడు నవ్వుతాడు.

ఫిబ్రవరి 26, గురువారం

పదకొండింటికి మా నంబరు పిలిచారు. పెద్ద గది కాదు, మా కాలేజీ క్లాసంత ఉంటుంది. ఎత్తు మీద ముగ్గురు. మధ్యలో అధ్యక్షుడు, కళ్ళజోడు తాడుకు కట్టుకున్న పెద్దాయన. మహిపాల్ ఇస్త్రీ చొక్కాలో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. నన్ను చూసి తలూపాడు కూడా.

హైమావతి మేడం బాగా వాదించారు. బెల్టు మీది బురద గురించి చెప్పినప్పుడు అధ్యక్షుడు ఫొటో దగ్గరగా పెట్టుకుని చూశాడు. వాన పడ్డ ఐదు రోజుల్లో తుప్పు అంత పట్టదని మేడం అంటే ఔనన్నట్టు రాసుకున్నాడు. నాకు ఆశ వచ్చింది. నిజంగా వచ్చింది.

మహిపాల్ వకీలు లేచి అనుబంధం 3 చదివాడు. నా వాక్యం ఆ గదిలో గట్టిగా మోగింది. ఇంత చక్కని భాషలో రాసిచ్చి, ఇప్పుడు భాషే రాదంటున్నారు అన్నాడు.

అధ్యక్షుడు కాగితాలు తిప్పాడు. "ఫిర్యాది వచ్చారా?" అన్నాడు. అడగరనుకున్నది అడిగాడు. బాపు లేచి, చేతులు కట్టుకుని ముందుకు పోయాడు. చెప్పులు గది బయటే ఉన్నాయి.

"బుచ్చిరాములు గారూ, మీ ప్రమాణపత్రంలో నాలుగో పేరా. 'నాకు రాతలోని తెలుగు అర్థం కాదు, చదివినా అర్థం కాదు, అందువల్ల ఆ కాగితంలో ఏమి రాశారో నాకు తెలియదు.' నిజమేనా?"

బాపు ఆయన వైపు చూశాడు. తర్వాత కాగితం వైపు. తర్వాత తిరిగి నా వైపు చూశాడు. కోపంగా కాదు. బస్సు నంబరు సరిగ్గా కనబడనప్పుడు కళ్ళు చిన్నవి చేసి చూస్తాడే, అలా.

అధ్యక్షుడు మెల్లగానే అడిగాడు. "కింద, చదివి వినిపించగా విని ఒప్పుకున్నాను అని ఉంది. మీకు ఇది చదివి వినిపించారా, లేదా?"

లేదు అంటే ఆ కాగితం అబద్ధం. రాసింది నేనని నోటరీ ముందు తనే చెప్పాడు.

"వినిపించింది సార్. నా బిడ్డ వినిపించింది."

"అయితే మీకు అర్థం కాదన్న మాట నిజమే."

"అర్థమైతది సార్. ఎందుకు కాదు? నా బిడ్డ రాసిందే గదా. గీ కాగితం అర్థమైంది, గా కాగితం గూడ అర్థమైంది. అన్నీ అర్థమైనయి."

ఫ్యాను తిరుగుతోంది, వెనక ఎవరో దగ్గారు. మహిపాల్ వకీలు ఏదో రాసుకుని పెన్ను మూత పెట్టాడు. హైమావతి మేడం కళ్ళు మూసి తెరిచారు. ఇద్దరూ కూర్చుని రాజీ సంగతి ఆలోచించుకోండని అధ్యక్షుడు రెండు వారాలు వాయిదా వేశాడు.

బయట మేడం నన్ను పక్కకు పిలిచి ఒకటే అడిగారు, "వినిపించలేదు కదూ?" నేను తల దించుకున్నాను. బాపు మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. ఒక చెప్పు తొందరగా దొరకలేదు.

మార్చి 4

ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. అమ్మ నన్ను అడిగింది, బాపును అడిగింది, ఇద్దరమూ ఏమీ కాలేదన్నాం. "ఏం గాకపోతే ఇద్దరు మూగనోము పట్టిన్రా?" అంది.

బాపు నాతో మామూలుగానే మాట్లాడుతున్నాడు. తిన్నవా, ఫీజు కట్టినవా, గొడుగు తీసుకో. కానీ డాక్టరు గారింటి నుంచి తెచ్చిన పేపరు నాకు ఇవ్వకుండా మంచం మీద పెడుతున్నాడు. ఇదివరకు "ఏం రాసిండ్రో సదువు" అనేవాడు.

మార్చి 12, గురువారం

రాజీ అయింది. కేసు ఇంకా పోరాడవచ్చని, పైన అప్పీలు ఉందని, ఏళ్ళు పట్టవచ్చని మేడం చెప్పారు. కానీ ప్రమాణపత్రానికి విరుద్ధంగా చెప్పినవాళ్ళ మాట ఎవరు నమ్ముతారో చెప్పలేనన్నారు. ఫైనాన్సు వడ్డీ మాత్రం ఆగదు. మహిపాల్ డెబ్బై ఐదు వేలు ఇస్తాడు. అవి ఫైనాన్సుకు పోతాయి. కారునూ వాళ్ళే తీసుకుపోతారు. వేలం తర్వాత ఇంకెంత కట్టాలో చెబుతారు. మిల్లు డబ్బు పోయింది. "పోనియ్యి," అన్నాడు బాపు, ఎవరో అడ్రసు అడిగితే చెప్పినట్టు.

రాజీ పత్రం మేడమే రాసి, మేడమే చదివి వినిపించారు, ఒక్కొక్క ముక్క ఆపి. బాపు రెండు చోట్ల అర్థం కాలేదని అడిగాడు. రెండుసార్లూ నా వైపు చూడలేదు.

ఉప్పల్‌లో బస్సు మారాం. సీటు దొరికింది. నేను కిటికీ వైపు, బాపు ఇటు. పదిహేను రోజులుగా ఏం చెప్పాలో రాసి పెట్టుకున్నాను, ఈ పుస్తకం చివరి పేజీలో నాలుగు రకాలుగా ఉంది. నేను మొదలుపెట్టకముందే బాపే అడిగాడు. టికెట్టు వేళ్ళ మధ్య చుట్టుకుంటూ, ముందు సీటు వీపును చూస్తూ.

"నాకు అర్థం గాదని నీకు ఎప్పటి సంది ఎరుక?"

మేడం అడిగినప్పుడు అని చెప్పవచ్చు. జవాబు వచ్చినప్పుడు అని చెప్పవచ్చు.

మహిపాల్ దుకాణంలో చదువుతున్నప్పుడు 'పరిశీలించి' దగ్గర తల ఎత్తి బాపును చూశాను. బాపు నోరు కొంచెం తెరిచి ఉంది. కళ్ళు నా మీద ఉన్నాయి, మాట మీద లేవు. గుడిలో మంత్రం వింటున్నట్టు వింటున్నాడు. అప్పుడే తెలిసింది. తెలిసి, తల దించి, మిగతా సగం ఇంకా గట్టిగా చదివాను.

"ఆ దినం నుంచే బాపు. రాసిన దినం నుంచే."

బస్సు గుంతలో పడి లేచింది. బాపు టికెట్టు విప్పి, మళ్ళీ చుట్టాడు.

"మరి గప్పుడే నాకు తెలుగుల చెప్పకపోతివి, బిడ్డ."